పది కిలోమీటర్లకు ఏడున్నర వేలు! అంబులెన్స్ వాళ్లు అడిగినంతా ఇవ్వాల్సిందేనా?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. మామగారికి 71 ఏళ్లు. చాలా ఏళ్లు బీడీలు కాల్చారు, ఇప్పుడు సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే జబ్బు) అంటున్నారు. పోయిన వారం రాత్రి ఒంటిగంటకి ఊపిరాడక అల్లాడిపోతుంటే ఆటోలో సూర్యారావుపేటలో ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లాం. ఆక్సిజన్ మాస్క్ పెట్టి, గంటసేపు ఉంచి, 'మా దగ్గర ఐసీయూ బెడ్ లేదు, తాడేపల్లి వైపు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి' అన్నారు. అంబులెన్స్ కూడా వాళ్లే పిలిచారు. దూరం పది కిలోమీటర్లు కూడా ఉండదు. 7,500 తీసుకున్నారు. అదేంటంటే 'వెంటిలేటర్ బండి, మినిమం అంతే' అన్నాడు డ్రైవరు. వెంటిలేటర్ పెట్టనేలేదు, మాస్క్ ఒక్కటే. వెనకాల మామగారి పక్కన నేను తప్ప ఎవరూ లేరు. డబ్బు ఎవరిదో పేరు మీద ఫోన్‌పే చేయించుకున్నారు, రసీదు ఇవ్వలేదు.

ఇప్పుడు మామగారు ఐసీయూ నుంచి వార్డుకి వచ్చారు, రెండు లీటర్ల ఆక్సిజన్ మీద ఉన్నారు. హైదరాబాద్‌లో ఉండే మా బావగారు 'అక్కడేం చూస్తారు, ఇక్కడికి షిఫ్ట్ చేయండి' అంటున్నారు. అదే డ్రైవర్ని అడిగితే 32,000 అన్నాడు, ఆక్సిజన్, టోల్ ఎక్స్‌ట్రా అట. నేను ఇదేంటని అడిగితే మావారు 'నాన్న ప్రాణం కంటే డబ్బు ఎక్కువా' అన్నారు. కోడలు డబ్బు మాటెత్తిందని అందరూ అదోలా చూస్తున్నారు. ఆ 7,500 తిరిగి వచ్చే దారి ఏదైనా ఉందా? మేం 108కి చేసి ఉండాల్సిందా? హైదరాబాద్ విషయంలో ఏం చేయమంటారు? మావారికి కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది, మామగారి పేరు కూడా అందులో ఉంది. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ రాత్రి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

జవాబు: అమ్మా, అదోలా చూస్తున్నారన్న దిగులు ముందు పక్కన పెట్టండి. ఆ రాత్రి మామగారి పక్కన కూర్చుని మాస్క్ చూసుకున్నది మీరు. రేటెంత, ఎందుకంత అని అడగడానికి ఆ ఇంట్లో మీకంటే అర్హులు లేరు. మీవారన్న మాట ప్రేమకొద్దీ అన్నదే. కాకపోతే అర్ధరాత్రి ఆసుపత్రి గేటు దగ్గర రేటు చెప్పేవాళ్లకి సరిగ్గా ఆ మాటే పెట్టుబడి.

మీ ప్రశ్నల్లో 108 సంగతి ముందు చెప్తాను, మిగతావన్నీ దాన్నుంచే వచ్చాయి కాబట్టి. ఇంటి దగ్గర్నుంచే 108కి చేయాల్సింది. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఊపిరాడని మనిషిని ఎదురుగా పెట్టుకుని బండి కోసం ఎదురుచూడటం ఎవరికైనా కష్టమే, ఆటో కనిపిస్తే ఎక్కించేస్తారు. కానీ ఖర్చు ఎక్కడ పుట్టిందో చూడండి. ఇంటి నుంచి ఆసుపత్రికి వెళ్లే మొదటి ప్రయాణం మన రాష్ట్రంలో ఉచితం. ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి మనం కోరుకున్న ఇంకో ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లే రెండో ప్రయాణానికి 108 సాధారణంగా రాదు. ప్రభుత్వాసుపత్రి నుంచి పై ఆసుపత్రికి రిఫర్ చేస్తే వస్తుంది. అంటే ఐసీయూ బెడ్ ఉందో లేదో తెలియని నర్సింగ్ హోమ్ ముందు ఆటో దిగేటప్పటికే మీ ఏడున్నర వేలకి దారి పడిపోయింది.

మన దగ్గర జనానికి చేతిచమురు వదిలేది ఎక్కువగా ఈ రెండో ప్రయాణంలోనే. సూర్యారావుపేటలో అయినా, గుంటూరు కొత్తపేటలో అయినా అడుగడుగునా ఆసుపత్రి బోర్డే కనిపిస్తుంది. ఏదో ఒకదాంట్లోకి చేరితే చాలనుకుంటాం. పగలు పేరున్న డాక్టరు కూర్చునే చోట రాత్రి ఒంటిగంటకి ఎవరుంటారో, ఐసీయూలో బెడ్ ఉంటుందో లేదో మనం ఎప్పుడూ కనుక్కోం. మామగారిది ఒక్కరోజుతో పోయే జబ్బు కాదు, చలికాలంలోనో, జలుబు చేసినప్పుడో మళ్లీ రావచ్చు. కాబట్టి రేపు పగటిపూట తీరిగ్గా మీకు దగ్గర్లో 24 గంటలూ క్యాజువాలిటీ, ఐసీయూ నడిచే రెండు ఆసుపత్రులు చూసిపెట్టుకోండి. ఒకటి ప్రభుత్వానిది, ఒకటి మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్నది. సత్యనారాయణపురానికి గుణదల వైపు కొత్త ప్రభుత్వాసుపత్రి దూరమేమీ కాదు. తర్వాత ఎక్కడికి మార్చినా సరే, ముందు ఆక్సిజన్, నెబ్యులైజర్ అందే చోటికి చేరాలి కదా.

108 మన ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. 2020 జులై 1న బెంజ్ సర్కిల్ దగ్గర 108, 104 బండ్లు కలిపి 1,088 బారులు తీరి బయల్దేరడం మీరూ చూసే ఉంటారు. అయినా 'అది పేదవాళ్ల బండి, రోడ్డు యాక్సిడెంట్ల బండి' అనే మొహమాటం మధ్యతరగతి ఇళ్లలో ఇంకా పోలేదు. తెల్ల కార్డు ఉందా లేదా అని 108 వాళ్లు అడగరు. లోపల ఈఎంటీ (అత్యవసర వైద్యంలో శిక్షణ పొందిన టెక్నీషియన్) ఉంటారు, ఆక్సిజన్ ఉంటుంది, పైలట్ (వాళ్లు డ్రైవరుని అలాగే అంటారు) మీకు ఫోన్ చేసి దారి అడుగుతారు. పట్నాల్లో పావుగంటలో చేరాలన్నది లక్ష్యం. అర్ధరాత్రి ఆలస్యమయ్యేది ఎక్కువగా సందు దొరక్కపోవడం వల్లే. అందుకని అపార్ట్‌మెంట్ పేరు చెప్పి ఊరుకోకుండా గుడో, స్కూలో, ఏ మెయిన్ రోడ్డు నుంచి ఎన్నో అడ్డరోడ్డో చెప్పండి. ఒక మనిషిని మలుపు దగ్గర నిలబెట్టండి. 'ఊపిరాడటం లేదు, సీఓపీడీ పేషెంట్, 71 ఏళ్లు' అని మొదటి వాక్యంలోనే చెప్పేయండి. వాళ్లు దగ్గర్లో ఆ జబ్బుకి సరిపడే ఆసుపత్రికి తీసుకెళ్తారు. 'మేం చెప్పిన ప్రైవేటు ఆసుపత్రికే రావాలి' అని పట్టుబడితే కుదరకపోవచ్చు, ఆ టైంలో వాదన పెట్టుకోవద్దు కూడా.

బండి ఇప్పట్లో రాదని తేలితే మాత్రం ఆటో అయినా, పక్కింటివాళ్ల కారు అయినా ఎక్కేయడమే. గుండెనొప్పి, ఉన్నట్టుండి మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం లాంటివాటికి బేరం, రసీదు, ఈ జవాబులో నేను చెప్పేవన్నీ పక్కన పెట్టేయాలి. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే పనికొస్తుంది, ఆ లోపల స్కాన్ కూడా అవ్వాలి. అన్నట్టు, ఊపిరాడనివాళ్లని వెనక్కి పడుకోబెట్టకండి, ముందుకి వంగి కూర్చోనివ్వండి.

ఇక ఆ 7,500 సంగతి. ఆసుపత్రి గేటు దగ్గర ఉండే పెద్ద ట్రావెలర్ బండి లీటరు డీజిల్‌కి పది, పన్నెండు కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. సూర్యారావుపేట నుంచి వారధి దాటి తాడేపల్లి వెళ్లి రావడానికి రెండు లీటర్లు చాలు. అంటే రెండు వందల రూపాయల డీజిల్. మిగతాదంతా దోపిడీయే అనలేం. ఆ బండికి నెలనెలా కిస్తీ కట్టాలి, డ్రైవరు పిలుపు కోసం రాత్రంతా మేలుకుని ఉండాలి, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, సిలిండర్లు నింపించడం, కొన్ని రోజులు ఒక్క కేసూ రాకపోవడం, అన్నీ ఉంటాయి. అందుకే క్యాబ్ రేటుతో పోల్చి తిట్టడం సరికాదు. కానీ చాలాచోట్ల ఇంకో ఖర్చు కూడా మీ బిల్లులోకి వస్తుంది, అది బండిని పిలిచిపెట్టినవాళ్ల కమీషన్. సెక్యూరిటీ కావచ్చు, వార్డు బాయ్ కావచ్చు, కౌంటర్లో మనిషి కావచ్చు. కాబట్టి డ్రైవరు మీద కోపం కాస్త తగ్గించుకోండి. మీరు ఫోన్‌పే చేసిన డబ్బు మొత్తం ఆయన జేబులోకి పోయి ఉండకపోవచ్చు.

నాకు అసలు అభ్యంతరం డబ్బు కంటే ఇంకోదాని మీద ఉంది. వెంటిలేటర్ బండి రేటు తీసుకుని వెనకాల మీ ఒక్కరినే కూర్చోబెట్టారు చూశారూ, అది. వెంటిలేటర్ గోడకి తగిలించి ఉన్నంత మాత్రాన అది ఐసీయూ బండి అయిపోదు. దాన్ని నడపడం తెలిసినవాళ్లు పక్కన ఉండాలి. మామగారికి ఆ రాత్రి వెంటిలేటర్ అక్కర్లేదు గానీ మనిషి కావాలి. సీఓపీడీ ఉన్నవాళ్లకి ఆక్సిజన్ ఎక్కువ పెట్టినా ప్రమాదమే. వాళ్లకి సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 88 నుంచి 92 మధ్య ఉంటే డాక్టర్లు సరిపెట్టుకుంటారు. మనం మీటర్లో 90 చూడగానే కంగారుపడి 'ఇంకొంచెం పెంచండి బాబూ' అంటాం. పెంచాలో వద్దో తెలిసినవాళ్లు అక్కడ ఉండాలి. మీరు ఇచ్చిన డబ్బులో న్యాయంగా దక్కాల్సింది అదే, అది దక్కలేదు.

ఇంకోసారి రిఫర్ చేస్తే డ్రైవరుతో కాదు, డాక్టరుతో మాట్లాడటం మొదలుపెట్టండి. 'దారిలో ఆక్సిజన్ నిమిషానికి ఎన్ని లీటర్లు కావాలి, మామూలు ఆక్సిజన్ బండి సరిపోతుందా, వెంటిలేటర్ కావాలా, పక్కన టెక్నీషియన్ ఉండాలా' అని అడిగి, రిఫరల్ లెటర్లోనే రాయించుకోండి. ట్యూబు వేసి ఉన్నా, బీపీ మందు పంపు మీద ఎక్కుతున్నా, స్పృహ సరిగ్గా లేకపోయినా పెద్ద బండే కావాలి, అక్కడ పొదుపు పనికిరాదు. మాస్క్ మీద, తెలివిగా, మాట్లాడుతూ ఉన్న మనిషికి ఆక్సిజనూ, చూసుకునే టెక్నీషియనూ ఉన్న మామూలు అంబులెన్స్ చాలని చాలామంది డాక్టర్లు చెప్తారు. ఆ ఒక్క ముక్క కాగితం మీద ఉంటే బేరం సగం అయిపోయినట్టే. తర్వాత, మీరు వెళ్లబోయే ఆసుపత్రి ఎమర్జెన్సీకి ఫోన్ చేసి బెడ్ ఉందో లేదో కనుక్కుంటూ 'మీ అంబులెన్స్ పంపిస్తారా, ఎంత తీసుకుంటారు' అని అడగండి. అడ్మిషన్ ఖాయమైతే సొంత బండి పంపే పెద్దాసుపత్రులు ఉన్నాయి. ఆ ఖర్చు వాళ్ల బిల్లులోనే వస్తుంది కాబట్టి ఇన్సూరెన్స్‌కీ సులువు.

బయటి బండి తప్పదనుకుంటే కిలోమీటరుకి ఎంత అని అడగొద్దు, ఆ లెక్కలో మీరు గెలవలేరు. 'ఈ బెడ్ నుంచి ఆ ఆసుపత్రి బెడ్ దాకా మొత్తం ఎంత? ఆక్సిజన్, టెక్నీషియన్, స్ట్రెచర్, అక్కడ అడ్మిషన్ అయ్యేదాకా వెయిటింగ్, అన్నీ కలిపేనా? బండి నంబరు వేసి బిల్లు ఇస్తారా?' అని అడగండి. ఈ మాటలు మీవారు కాదు, మీ వైపు నుంచి కాస్త నిబ్బరంగా ఉన్న ఇంకెవరైనా మాట్లాడితే మంచిది. కన్నతండ్రి స్ట్రెచర్ మీద ఉండగా కొడుకు బేరమాడలేడు, ఆడమనడం కూడా న్యాయం కాదు. ఒప్పుకున్న మొత్తాన్ని అక్కడికక్కడే ఆ నంబరుకి వాట్సాప్‌లో పెట్టేయండి. 'ఫలానా చోటి నుంచి ఫలానా చోటికి, అన్నీ కలిపి ఇంత' అంటే చాలు. బండి కదిలేముందు సిలిండర్ మీటరు ముల్లు చూడండి. బండి నంబరు ఎం-పరివాహన్ యాప్‌లో కొడితే అది అంబులెన్స్‌గా రిజిస్టర్ అయిందో, ఏదో వ్యానుకి సైరన్ తగిలించారో, ఫిట్‌నెస్ గడువు ఉందో లేదో వచ్చేస్తుంది.

గేటు దగ్గరి బండ్లు కాకుండా బయటి బండి పిలిస్తే గొడవ చేస్తారేమో అని మీకు అనుమానం రావచ్చు. అలాంటివి జరిగిన మాట నిజమే. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆసుపత్రి దగ్గర జరిగింది రాష్ట్రమంతా చూసింది. చనిపోయిన పిల్లవాడిని ఊరికి తీసుకెళ్లడానికి తండ్రి బయటి నుంచి బండి పిలిపించుకుంటే అక్కడి అంబులెన్స్‌వాళ్లు దాన్ని రానివ్వలేదు, వాళ్లు అడిగింది ఇచ్చుకోలేక ఆయన బిడ్డని బైక్ మీద తొంభై కిలోమీటర్లు తీసుకెళ్లారు. దాని మీద కేసులూ, అరెస్టులూ అయ్యాయి. ప్రభుత్వాసుపత్రిలో చనిపోయినవారిని ఇంటికి చేర్చే మహాప్రస్థానం బండ్లు ఉచితం, కాన్పు అయి ఇంటికి వెళ్లే తల్లీబిడ్డలకి 102 ఉచితం. మీకు ప్రస్తుతం అక్కర్లేకపోయినా చుట్టుపక్కలవాళ్లకి తెలిసి ఉంటే మంచిది. ఎవరైనా బండిని అడ్డుకుంటే గొంతు పెంచకుండా 112కి ఫోన్ చేసి, ఆసుపత్రి ఎమర్జెన్సీ దగ్గరే నిలబడండి.

కరోనా రోజుల్లో, 2020 సెప్టెంబరులో, అంబులెన్సులకి న్యాయమైన రేట్లు పెట్టండని సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. ఆటోకి మీటరు ఉండాలని చట్టం ఉన్న దేశంలో, ప్రాణం మీదకి వచ్చినప్పుడు ఎక్కే బండికి ఆసుపత్రి గోడ మీద ఒక రేట్ల బోర్డు పెట్టించడానికి ఇంత ఆలోచన ఎందుకో నాకు అర్థం కాదు. సరే, అది మీ చేతిలో ఉన్నది కాదు.

డబ్బు తిరిగి రావడం అంటారా, మొత్తం రాకపోవచ్చు గానీ కొంత రావడానికి మంచి దారే ఉంది, అది ఇన్సూరెన్స్. చాలా హెల్త్ పాలసీల్లో ఆసుపత్రిలో చేరినప్పుడు అంబులెన్స్ ఖర్చుకి కొన్ని వేల దాకా ఇస్తారు. మీవారి హెచ్ఆర్‌ని అడిగి మీ పాలసీలో ఎంతో కనుక్కోండి. ఆసుపత్రి బిల్లు క్యాష్‌లెస్‌లో పోతున్నా దీన్ని విడిగా రీయింబర్స్‌మెంట్‌కి పెట్టుకోవచ్చు. దానికి బిల్లు కావాలి. డబ్బు వెళ్లిన ఫోన్‌పే నంబరుకి ఇవాళే మెసేజ్ పెట్టండి: పేషెంట్ పేరు, తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, బండి నంబరు, మొత్తం, సంతకం లేదా స్టాంపుతో బిల్లు ఇవ్వమని. మర్యాదగానే అడగండి. 32,000 కేసు ఒకటి చేతిలో ఉందని వాళ్లు ఇంకా ఆశపడుతున్నారు కాబట్టి ఇప్పుడైతే ఇస్తారు, తర్వాత ఫోన్ ఎత్తరు. దాంతో పాటు నర్సింగ్ హోమ్ రిఫరల్ లెటర్, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ జతచేయండి. క్లెయిమ్‌కి డిశ్చార్జ్ నుంచి గడువు ఉంటుంది, నెల దాకా లాగకండి. ఇంకో మాట, అంబులెన్స్‌లో పేషెంట్‌ని తీసుకెళ్లడానికి జీఎస్టీ లేదు. ఎవరైనా బిల్లు మీద పన్ను వేసి చూపిస్తే ఒప్పుకోకండి.

బిల్లు ఇచ్చేది లేదని మొండికేస్తే నర్సింగ్ హోమ్ యాజమాన్యానికి రాతపూర్వకంగా ఒక ఉత్తరం ఇవ్వండి. బండిని పిలిచింది వాళ్ల మనిషి కాబట్టి వాళ్లకి ఇది చిన్న విషయం కాదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజాసమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల లోపు కేసులకి ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది. అయితే నిజం చెప్పాలంటే, మామగారు ఆసుపత్రిలో ఉండగా 7,500 కోసం కమిషన్ చుట్టూ తిరగమని నేను చెప్పను. 1915 దాకా చేసి ఊరుకోండి.

ఇక అసలు పెద్ద ఖర్చు ఇంకా జరగలేదు, అది హైదరాబాద్. దీని మీద నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఇప్పుడు మీరు చెప్పిన పరిస్థితిలో అంబులెన్స్‌లో తీసుకెళ్లాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. ఐసీయూ నుంచి వార్డుకి వచ్చారంటే ఇక్కడి వైద్యం పనిచేస్తోందనే కదా. సీఓపీడీకి హైదరాబాద్‌లో ఇచ్చే ఇన్‌హేలర్, నెబ్యులైజర్, స్టెరాయిడ్, యాంటీబయాటిక్ వేరే ఉండవు. విజయవాడ, గుంటూరు, మధ్యలో మంగళగిరి ఎయిమ్స్, ఊపిరితిత్తుల డాక్టర్లకి కొదవేమీ లేదు. పైగా 275 కిలోమీటర్లు, తక్కువలో తక్కువ అయిదు గంటలు. సూర్యాపేట దాటాక ఆయాసం తిరగబెడితే ఇక్కడున్నంత సదుపాయం కూడా చేతిలో ఉండదు.

అయినా నిర్ణయం నాది కాదు, మీది కూడా కాదు. ఇప్పుడు చూస్తున్న డాక్టరుని మీవారూ, స్పీకర్ ఫోన్‌లో బావగారూ ఇద్దరూ వింటుండగా అడగండి: ఆయనకి కావాల్సినది ఏదైనా ఇక్కడ లేదా? అయిదు గంటల ప్రయాణం తట్టుకుంటారా? అక్కడ ఏ డాక్టరు చేర్చుకుంటానన్నారు, బెడ్ ఖాయమా? మూడో ప్రశ్నకి బావగారే సమాధానం చెప్పాలి. దూరంగా ఉన్న కొడుకుకి ఏమీ చేయలేకపోతున్నానన్న బాధ ఉంటుంది, ఆ బాధ ఎక్కువగా 'షిఫ్ట్ చేయండి' అనే మాటగా బయటికి వస్తుంది. ఆయనకి చేయదగ్గ పని ఒకటి అప్పగించండి. ఇప్పటిదాకా జరిగిన వైద్యం వివరాలు, ఎక్స్‌రేలు, సీటీ ఉంటే ఆ సీడీ, రక్త పరీక్షలు అన్నీ ఆయనకి పంపండి. అక్కడ నచ్చిన పల్మనాలజిస్టుకి చూపించి ఏమన్నారో చెప్పమనండి. రెండో అభిప్రాయానికి రిపోర్టులు వెళ్తే చాలు, పేషెంట్ వెళ్లక్కర్లేదు. రెండు రోజులు సెలవు పెట్టి రాత్రిళ్లు వార్డులో ఆయన పడుకుంటే మీవారికి కాస్త నిద్ర కూడా దక్కుతుంది.

ఒకవేళ డాక్టరే 'తీసుకెళ్లాలి' అంటే, ఆ 32,000 మీద ఎక్స్‌ట్రాల సంగతి చూద్దాం. కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి, దారిలో ఉన్న టోల్‌ప్లాజాలు నాలుగు. జాతీయ రహదారుల మీద అంబులెన్స్‌కి టోల్ లేదు, కాబట్టి ఆ ఎక్స్‌ట్రా కొట్టేయండి. ఆక్సిజన్ అంటారా, మామగారికి నిమిషానికి రెండు లీటర్లు. అయిదు గంటలంటే 300 నిమిషాలు, 600 లీటర్లు. అంబులెన్సుల్లో వాడే బి టైప్ సిలిండర్ నిండుగా ఉంటే 1,500 లీటర్ల దాకా ఇస్తుంది. ట్రాఫిక్‌లో ఇంకో రెండు గంటలు ఇరుక్కున్నా ఒక్క సిలిండరే సరిపోతుంది, రెండోది జాగ్రత్తకి ఉండాలి, అది ఎలాగూ బండిలో ఉండాల్సిందే. నిమిషానికి పది లీటర్లు కావాల్సిన పేషెంట్ అయితే 3,000 లీటర్లు, అప్పుడు సిలిండర్ల ఖర్చు అడిగితే అర్థం ఉంది. డీజిల్ మాత్రం రానూ పోనూ 550 కిలోమీటర్లకి లెక్క కట్టాల్సిందే, ఖాళీగా తిరిగి వచ్చే బండి ఖర్చు కూడా మీదే, అది అన్యాయం కాదు. అది అయిదారు వేలు. మిగిలిన పాతిక వేల పైచిలుకు ఎవరికి, ఎందుకు అని అడిగి, కనీసం ఇంకో ఇద్దరి దగ్గర రేటు తీసుకోండి. దీనికి మీకు రోజంతా టైం ఉంది, ఆ రాత్రిలాంటి కంగారు లేదు.

ఇక ఇంటికి తీసుకెళ్లే రోజు. డిశ్చార్జ్‌కి ముందు రోజే డాక్టరుని అడగండి, కారులో కూర్చుని వెళ్లగలరా, ఇంట్లో ఆక్సిజన్ కావాలా అని. వెళ్లగలరంటే అంబులెన్స్ వద్దు, రివ్యూకి అసలే వద్దు. కాన్సన్‌ట్రేటర్ (గాల్లోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషను) కావాలంటే అద్దెకి దొరుకుతుంది, డిశ్చార్జ్ అయ్యేలోపే ఇంట్లో పెట్టించి ఒకసారి ఆన్ చేసి చూడండి. కరెంటు పోతే ఏం చేయాలో ఆ అద్దెకిచ్చేవాళ్లనే అడగండి. మూడంతస్తులు మామగారిని నడిపించకండి. ప్లాస్టిక్ కుర్చీ మళ్లీ వాడొద్దు, మెట్ల మీద వాలినప్పుడు దాని కాళ్లు విచ్చుకుంటాయి. చేతులున్న చెక్క కుర్చీనో, ఇనుప కుర్చీనో తీసుకుని, పాత చీర మడతపెట్టి నడుముకీ కుర్చీ వీపుకీ కలిపి కట్టండి. ఎక్కించేటప్పుడు ఆయన వీపు మెట్ల వైపు ఉండాలి. వెనక ఇద్దరు, ముందు ఒకరు. ప్రతి మలుపు దగ్గరా కుర్చీ దించి ఊపిరి తీసుకోనివ్వండి. వాచ్‌మన్‌తో, కింది ఫ్లాట్ కుర్రాళ్లతో ముందే ఒక మాట అనుకోండి, సాయంత్రం అయిదు తర్వాత అయితే అందరూ ఇళ్లలో ఉంటారు.